కాపీ పట్టే రీల్స్ చేసే మిత్రులకు, ఒయాసిస్ మొదటి ఆల్బమ్ గురించి ఒక బహిరంగ లేఖ

మిత్రులారా,

పదిహేను సెకన్లు ఒక పాట, పదిహేను సెకన్లు ఇంకో పాట, మధ్యలో ఎర్ర అక్షరాలతో "దొరికిపోయాడు". మీ రీల్స్ చాలాకాలంగా చూస్తున్నాను. మొదట్లో ఇష్టంగానే చూశాను. మన సినిమా పాటల బాణీలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో మీ వల్లే నాకు తెలిసిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఆ మాట చెప్పకుండా ఈ ఉత్తరం మొదలుపెట్టడం న్యాయం కాదు. మీ చెవి మంచిది. మామూలుగా వినేవాళ్ళకి దొరకనిది మీకు దొరుకుతుంది. అందుకే మీకు రాయాలనిపించింది, చెవి లేనివాళ్ళకి ఈ మాటలు చెప్పి ప్రయోజనం లేదు.

ఈమధ్య ఇంగ్లండు రాక్ బ్యాండ్ ఒయాసిస్ మళ్ళీ కలిసింది కదా. 2009లో పారిస్‌లో గొడవపడి విడిపోయిన అన్నదమ్ములు నోయెల్, లియామ్ గాలగర్ 2025 జులై 4న కార్డిఫ్‌లో మళ్ళీ ఒకే స్టేజీ ఎక్కారు. దాంతో ఆ బ్యాండ్ పేరు కూడా వినని మన పిల్లలు వాళ్ళ పాటలు వెతుక్కుని వింటున్నారు, మీరూ వాళ్ళ మీద రీల్స్ చేస్తున్నారు. అలాంటి ఒకదాంట్లో 1994లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ 'డెఫినెట్లీ మేబీ' పాటలు మూడు, వాటి పక్కన మూడు పాత పాటలు పెట్టి, చివర్లో "ఆల్బమ్ మొత్తం దొంగ సరుకే" అని రాశారు. ఎవరు చేశారన్నది అనవసరం, ఆ ధోరణిలో చాలామంది చేస్తున్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

నాకెందుకింత పట్టింపు అంటే, మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, రెండేళ్ళుగా గిటార్ నేర్చుకుంటున్నాడు. మొన్న వేసవిలో వాడు సొంతంగా ఒక ట్యూన్ కట్టి, ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపించాడు. మాటలు లేవు, ఊరికే లాలాలా అని పాడాడు. బాగుంది, నిజంగానే బాగుంది. వారం తర్వాత "మిగతాది ఏమైందిరా" అని అడిగితే "డిలీట్ చేసేశా మామయ్యా, అది కూడా కాపీయే" అన్నాడు. వాడి స్నేహితుడెవరో ఫలానా పాటలా ఉందన్నాడట. అప్పటికే మీ రీల్ చూసి ఉన్నాడు, అంత పెద్ద బ్యాండ్‌నే అలా తిడుతుంటే నేనెంత అనుకున్నాడు. పదిహేడేళ్ళ కుర్రాడు ఒక పాత పాటకి దగ్గరగా వెళ్ళినందుకు తప్పు చేసినవాడిలా తల దించుకుని మాట్లాడుతుంటే నాకు చాలా బాధేసింది.

సరే, ఆల్బమ్ దగ్గరికి వద్దాం. మీరు పట్టుకున్నది తప్పని నేననను. 'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్' పాట మొదట్లో వచ్చే గిటార్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్క), 1971లో టీ రెక్స్ బ్యాండ్ చేసిన 'గెట్ ఇట్ ఆన్' రిఫ్ ఒకే ఇంటివే. చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆ 'గెట్ ఇట్ ఆన్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన పాట. 1994లో అక్కడ రేడియో వినే ప్రతి తల్లికీ తండ్రికీ అది తెలుసు. అంత పేరున్న పాట రిఫ్ ఎత్తుకొచ్చి, ఆల్బమ్‌లో వినపడీ వినపడని మూల ఎక్కడో కాకుండా పాట మొదట్లోనే, గిటార్ తప్ప ఇంకేమీ లేని చోట పెట్టినవాడు దాన్ని దాచాలనుకున్నాడంటే నేను నమ్మను. పాటలన్నీ రాసిన నోయెల్ ఎక్కడెక్కడి నుంచి ఏమేం తీసుకున్నాడో ఇంటర్వ్యూల్లో తనే చెప్తూ వచ్చాడు. 'లివ్ ఫరెవర్' బాణీ తనకి రోలింగ్ స్టోన్స్ పాట ఒకటి వింటుంటే తట్టిందని కూడా అతనే చెప్పాడు, ఎవరూ పట్టుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ రీల్ టీ రెక్స్ దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆపేశారు?

మీ దగ్గర గిటార్ ఉంటే చేతిలోకి తీసుకోండి. లావు తీగ, అంటే ఆరోది, ఏ ఫ్రెట్టూ (గిటార్ మెడ మీది మెట్టు) నొక్కకుండా వదిలేయండి. ఐదో తీగ మీద చూపుడు వేలు రెండో ఫ్రెట్‌లో పెట్టి, రెండు తీగలూ కలిపి రెండుసార్లు కొట్టండి. ఇప్పుడు ఉంగరం వేలు నాలుగో ఫ్రెట్‌లో పెట్టి ఇంకో రెండుసార్లు. మళ్ళీ వెనక్కి. అరగంట కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. ఇదే ఆ రిఫ్‌కి వెన్నెముక, రాక్ అండ్ రోల్ అనేదానికే వెన్నెముక. టీ రెక్స్ నాయకుడు మార్క్ బోలన్ దీన్ని అమెరికా రాక్ గాయకుడు, గిటారిస్ట్ చక్ బెర్రీ దగ్గర నేర్చుకున్నాడు. 1959లో చక్ బెర్రీ 'లిటిల్ క్వీనీ' అని ఒక పాట చేశాడు, అది బోలన్‌కి ప్రాణం. ఎంత ప్రాణమంటే 'గెట్ ఇట్ ఆన్' చివర్లో పాట సన్నగిల్లిపోతుండగా ఆ పాటలోని ఒక మాటని అచ్చంగా పలుకుతాడు. నేను ఎవరి దగ్గర తీసుకున్నానో చూడండి అని సంతకం పెట్టినట్టు.

మరి చక్ బెర్రీకి ఎక్కడిది? ఆయన బ్యాండ్‌లో పియానో వాయించిన జానీ జాన్సన్ ఎడమ చేతి బూగీ, అంటే ఆగకుండా ఊగే ఆ లయ, ఆ గిటార్‌లో ఉంది. ఆయన పాటల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన 'జానీ బి గుడ్' మొదట్లో వచ్చే గిటార్ ముక్క, 1946లో లూయిస్ జోర్డన్ పాట ఒకదాంట్లో కార్ల్ హోగన్ వాయించిన ముక్కే. హోగన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకూ ఆలస్యంగానే తెలిసింది. మీ రీల్ ఆ దారిలో ఇంకో ముప్ఫై సెకన్లు నడిచి ఉంటే వేలమందికి ఆ పేరు తెలిసేది. నా బాధల్లో ఇదొకటి. మీ చేతిలో ఉన్నది అంత మంచి పని, దాన్ని సగంలో ఆపేసి "దొంగ" అని ముద్ర కొట్టి వెళ్ళిపోతున్నారు.

'సూపర్‌సోనిక్' విషయం కూడా ఇలాగే ఉంది. అందులో గిటార్ వింటే బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ పాడిన 'మై స్వీట్ లార్డ్' గుర్తొస్తుందని మీరు చూపించారు. గుర్తొస్తుంది, నిజమే. కానీ ఆ 'మై స్వీట్ లార్డ్' మీదే కేసు నడిచింది, 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' బాణీ అని. 1976లో అమెరికా కోర్టు, హారిసన్ కావాలని చేయకపోయినా మనసులో ఎక్కడో పడి ఉన్నది తెలియకుండానే బయటికొచ్చిందని తేల్చి, అయినా బాధ్యుడేనంది. అదే పాట వెనక కోరస్‌లో "గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః" వినిపిస్తుంది, ఎప్పుడైనా గమనించారా? మన ఇళ్ళల్లో అక్షరాభ్యాసం నాడు చదివే శ్లోకం లండన్‌లో రికార్డయిన పాటలో ఉంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మన శ్లోకం ఎత్తుకుపోయారని మనకెవరికీ కోపం రాలేదు, వినగానే ఇది మనదేనని సంబరపడ్డాం. అదే చెవితో, అదే మనసుతో మిగతా అరువులు కూడా వినలేమా?

మన సంగీతం నేర్చుకునే పిల్లలనే చూడండి. కర్ణాటక సంగీతం క్లాసుల్లో నోట్టుస్వరాలు నేర్పిస్తారు. ముత్తుస్వామి దీక్షితర్ తెల్లవాళ్ళ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతం మాటలు పెట్టి కట్టినవి. 'సంతతం పాహిమాం' అని శ్రద్ధగా పాడే పిల్లకి అది ఇంగ్లండు జాతీయగీతం బాణీ అని తెలిసినా తెలియకపోయినా, ఆ గొంతులో భక్తి భక్తే. దీక్షితర్ కాపీ కొట్టాడని అనే ధైర్యం మీకుందా? నాకు లేదు, ఎందుకంటే ఆ మాట తప్పు.

"అయితే అందరూ తీసుకుంటున్నారు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందంటావా" అని మీరు అడుగుతారు. చెల్లదు. ఇక్కడ నేను ఒయాసిస్‌ని వెనకేసుకురాను. 'షేకర్‌మేకర్' పాటలో చరణం బాణీ, 1971లో కోకాకోలా ప్రకటన కోసం వచ్చి తర్వాత న్యూ సీకర్స్ అనే బృందం పాడిన పాటది. రిఫ్ వేరు, పాట బాణీ వేరు. రిఫ్ అనేది ఊరందరూ తోడుకునే బావి లాంటిది, బాణీ మాత్రం ఒకరు కూర్చుని కట్టిన ఇల్లు. ఆ పాట రాసినవాళ్ళు అప్పటికి బతికే ఉన్నారు, వాళ్ళని అడగాలి, పేరు వేయాలి, డబ్బు ఇవ్వాలి. ముందే చేయలేదు. కేసయ్యాక డబ్బు కట్టి రాజీ పడ్డారు, 5 లక్షల డాలర్లని అప్పట్నుంచీ వార్తల్లో వస్తున్న లెక్క. ఆ ఒక్క పాట విషయంలో మీ రీల్ చెప్పింది పూర్తిగా కరెక్ట్, నేను మీ పక్షమే. కానీ ఆ తప్పు పక్కనే 'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్'ని కూడా అదే తూకంలో వేసి తూచడం దగ్గరే నాకు మీతో పేచీ.

అసలు కోపం తెచ్చుకోవాల్సిన మొదటి ఆల్బమ్ ఒకటుంది, మీలో ఎవరైనా దాని మీద పూర్తి స్థాయి వీడియో చేస్తే అందరికంటే ముందు నేనే షేర్ చేస్తాను. 1969లో వచ్చిన ఇంగ్లండు రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్. అందులో విల్లీ డిక్సన్ రాసిన రెండు బ్లూస్ పాటలకి ఆయన పేరు వేశారు, అది సక్రమంగానే చేశారు. కానీ 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' జేక్ హోమ్స్ అనే గాయకుడు 1967లో చేసిన పాట, ఆ పేరుతోనే. జెప్లిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ అప్పుడు యార్డ్‌బర్డ్స్ అనే బ్యాండ్‌లో ఉన్నాడు, న్యూయార్క్‌లో ఒకే వేదిక మీద వాళ్ళకంటే ముందు హోమ్స్ పాడాడు. రెండేళ్ళ తర్వాత ఆల్బమ్ మీద రచయితగా ఉన్నది పేజ్ పేరు మాత్రమే. హోమ్స్ 2010లో కేసు వేశాక రాజీ కుదిరింది, తర్వాతి రికార్డుల మీద ఆయన పేరు వచ్చింది. నలభై ఏళ్ళు పైనే పట్టింది ఒక మనిషి పేరు రావడానికి! అదే ఆల్బమ్‌లో 'బేబ్ ఐయామ్ గొన్నా లీవ్ యూ'ని జానపదం అని రాసేశారు, దాన్ని రాసిన ఆన్ బ్రెడన్ అనే ఆవిడ పేరు 1990లో గానీ రాలేదు. జానపదం అని రాస్తే ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు, అదీ సంగతి. వాళ్ళ రెండో ఆల్బమ్‌లోని 'హోల్ లాటా లవ్'కి వచ్చేసరికి విల్లీ డిక్సన్ అంతటివాడు కూడా 1985లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. నాకు జెప్లిన్ ఇష్టమే, ఆ గిటార్ వింటూ పెరిగాను, అయినా ఈ విషయంలో వాళ్ళని సమర్థించలేను.

రెండు మొదటి ఆల్బమ్‌లు, మధ్య పాతికేళ్ళు. ఒకదాంట్లో పాటనే తీసుకుని పేరు చెరిపేశారు. ఇంకోదాంట్లో ఒక పాట దగ్గర తప్పు చేసి, మిగతా అంతా అందరికీ వినపడేలా తీసుకున్నారు. ఈ తేడా మీ రీల్‌లో ఎక్కడుంది?

'డెఫినెట్లీ మేబీ' అట్ట చూశారా? బోన్‌హెడ్ అని పిలిచే గిటారిస్ట్ పాల్ ఆర్థర్స్ ఇంటి ముందు గదిలో తీసిన ఫొటో, మాంచెస్టర్‌లో వెస్ట్ డిడ్స్‌బరీ అనే చోట. సోఫాకి ఆనించి బర్ట్ బకరాక్ ఫొటో ఉంటుంది, నోయెల్‌కి దేవుడితో సమానమైన బాణీకర్త. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు, మాంచెస్టర్ సిటీ జట్టు అభిమానుల కోసం రాడ్నీ మార్ష్, మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని బోన్‌హెడ్ కోసం జార్జ్ బెస్ట్. టీవీలో ఒక పాత కౌబాయ్ సినిమా. అందరూ అలా గదిలో సర్దుకుని ఉండే ఆ ఏర్పాటు కూడా బీటిల్స్ పాత పాటల సంకలనం ఒకదాని వెనక అట్ట చూసి వచ్చిన ఆలోచనే. మన ఇళ్ళల్లో గోడ మీద తాతల ఫొటోలు పెట్టుకుంటాం కదా, అలా పెట్టుకున్నారు. ఆ అట్టని చేతిలో పట్టుకుని చూసినవాడెవడూ వీళ్ళు ఏదో దాస్తున్నారు అనలేడు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. కాపీ కొడితే చాలు, ఆల్బమ్ వచ్చేస్తుంది అనుకునేవాళ్ళు ఈ ఆల్బమ్ ఎలా తయారైందో తెలుసుకోవాలి. గాలగర్ అన్నదమ్ములది మాంచెస్టర్‌లోని బర్నేజ్, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం, ప్రభుత్వ గృహాలు, పనుల్లేని రోజులు. నోయెల్ ఇన్‌స్పైరల్ కార్పెట్స్ అనే బ్యాండ్‌కి సామాన్లు మోస్తూ, గిటార్లు శ్రుతి చేస్తూ ఊళ్ళు తిరిగినవాడు. 1993 మే 31న గ్లాస్గోలో కింగ్ టట్స్ అనే చిన్న హాల్లో వీళ్ళు వాయిస్తుంటే క్రియేషన్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ యజమాని అలన్ మెగీ చూసి అక్కడికక్కడే తీసుకుంటానన్నాడు. 1994 మొదట్లో వేల్స్‌లో మోనో వ్యాలీ స్టూడియోలో రికార్డింగ్ పెట్టుకున్నారు. పాటలు అవే, టీ రెక్స్ రిఫ్ అదే, బీటిల్స్ వాసన అదే. కానీ ఒక్కొక్కరినీ విడివిడిగా, శుభ్రంగా రికార్డు చేసేసరికి పాటలన్నీ చచ్చిపోయినట్టు వచ్చాయి. 'స్లైడ్ అవే' ఒక్కటి తప్ప మిగతావన్నీ పక్కన పెట్టేశారు. డబ్బు పోయింది, టైమ్ పోయింది, టెన్షన్. మళ్ళీ కార్న్‌వాల్‌లో, పడవ మీద వెళ్ళాల్సిన సామిల్స్ అనే స్టూడియోలో, అందరూ ఒకే గదిలో నిలబడి ఒకరి శబ్దం ఒకరి మైకులో పడుతున్నా సరే అని వాయించారు. అప్పటికీ తృప్తి లేదు. చివరికి ఓవెన్ మోరిస్ అనే కుర్ర ఇంజనీర్ చేతికి ఇచ్చారు. అతను నోయెల్ ఒకదాని మీద ఒకటి పేర్చిన గిటార్లలో చాలావరకు పీకేసి, మిగిలినదాన్ని చెవులు గింగిరాలెత్తేంత గట్టిగా మిక్స్ చేశాడు. అప్పుడు పుట్టింది ఈ ఆల్బమ్. అప్పటివరకు బ్రిటన్‌లో ఏ బ్యాండ్ మొదటి ఆల్బమ్ కూడా అంత వేగంగా అమ్ముడుపోలేదు.

అరువు తెచ్చుకున్నదాంట్లోనే మహత్తు ఉంటే ఆ వేల్స్ రికార్డింగే సరిపోయేది కదా. తేడా ఎక్కడొచ్చింది? ఐదుగురు ఒకే గదిలో కలిసి వాయించిన దాంట్లో వచ్చింది. లియామ్ గొంతులో వచ్చింది. 'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్'లో "సన్‌షైన్" అనే మాటని అతను "షీ...యైన్" అని సాగదీసి, పళ్ళ మధ్య నమిలి వదులుతాడు చూడండి, అది టీ రెక్స్‌లో లేదు, చక్ బెర్రీలో లేదు. పనికి పోదామంటే పోవాలనిపించే పని లేదు అనే కోపం ఆ ఒక్క మాటలో ఉంది. బోలన్ అదే రిఫ్ మీద ఒక అమ్మాయిని పొగిడాడు, కులాసాగా. చక్ బెర్రీ 'లిటిల్ క్వీనీ'లో కూడా డాన్స్ దగ్గర నిలబడిన పిల్లని చూసి ఎలా పలకరించాలా అని ఆలోచిస్తుంటాడు. రిఫ్ ఒకటే, ముగ్గురి బతుకులు వేరు. మీ రీల్‌లో పదిహేను సెకన్ల గిటార్ వినిపించి, గొంతు మొదలయ్యే ముందే కట్ చేశారు. నేను రెండుసార్లు చూసి మరీ చెప్తున్నా.

"పోలిక ఉంటే కేసు పెట్టాల్సిందే" అనే వాతావరణం ఇప్పటికే చాలా పెరిగింది. 2023లో ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ న్యూయార్క్ కోర్టులో గిటార్ పట్టుకుని, ఈ నాలుగు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) ఎవరి సొత్తూ కాదు, ఎన్ని పాటల్లో ఉన్నాయో వినండి అని జ్యూరీకి వాయించి చూపించుకోవాల్సి వచ్చింది. గెలిచాడు. అతనికి లాయర్లున్నారు. మా వాడికి ఒక స్నేహితుడి మాట, మీ రీల్ చాలు.

అందుకని మిమ్మల్ని కోరేది ఇది. పోలికలు పట్టడం మానొద్దు, దయచేసి మానొద్దు. కానీ ఒక పాట నుంచి ఇంకో పాట వచ్చిందని చూపించేటప్పుడు, ఆ మొదటి పాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెతికి చూపించండి. తీసుకున్నది బాణీయా, రిఫ్ఫా, ఊరికే ఒక ధోరణా అన్నది చెప్పండి, ఎందుకంటే చట్టంలోనూ సంగీతంలోనూ ఆ మూడూ ఒకటి కాదు. పేరు వేశారా, డబ్బు ముట్టిందా అన్నది చూడండి, వేయకపోతే అప్పుడు ఎంత గట్టిగా అరిచినా నేను మీ వెంటే ఉంటాను, మన సినిమా పాటల విషయంలో అయితే మరీనూ. గొంతు మొదలయ్యేదాకా పాటని వినిపించండి, ఇంకో పది సెకన్లే కదా. "దొరికిపోయాడు" అనే ఎర్ర అక్షరాల బదులు కార్ల్ హోగన్ అని రాయండి, జేక్ హోమ్స్ అని రాయండి, ఆన్ బ్రెడన్ అని రాయండి.

వచ్చే ఆదివారం మా వాడిని ఇంటికి రమ్మన్నాను. 'లిటిల్ క్వీనీ', 'గెట్ ఇట్ ఆన్', 'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్' మూడూ వరసగా వినిపించి, గిటార్ వాడి చేతికే ఇస్తాను. వాడు డిలీట్ చేశాననుకుంటున్న ట్యూన్ నా వాట్సాప్‌లో అలాగే ఉంది, నలభై రెండు సెకన్లు. స్నేహితుడు చెప్పిన పాటని పక్కన పెట్టి విన్నాను. మొదటి లైను కొంచెం దగ్గరగా ఉంది, రెండో లైను దగ్గర వాడు ఎవరూ వెళ్ళని వైపు తిరిగాడు. అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్తాను.

ఇట్లు,
మీ రీల్స్ చూసే ఒక గిటార్ మామయ్య